మానని పుండుకు గీసిన బొమ్మలు

సోమవారం పొద్దున మిర్యాలగూడ నుంచి టీచర్ కూతురు ఫోన్ చేసింది. "అన్నా, అమ్మ పోయింది" అంది. "అదేంది, పుండు తగ్గుతుంది కదా" అన్నాను. చావు కబురు చెబితే ఎవరైనా అలా అంటారా? నా నోటికి అదే వచ్చింది.

నడిగూడెం హైస్కూల్లో టీచర్ మాకు జీవశాస్త్రం చెప్పారు. ఉల్లిపొరను మైక్రోస్కోపులో చూసి బొమ్మ గీయమంటే, నేను పుస్తకం చూసి నున్నగా గీసేవాణ్ని. ఆమె ఇట్టే పట్టేసేవారు. "నీకు కనవడ్డది గియ్యిరా, కనవడాల్సింది కాదు" అనేవారు. అయినా నేను పదో తరగతి గట్టెక్కానంటే ఆమె చలవే.

రిటైరయ్యాక కోదాడలో ఉన్నారు. నేను అక్కడే ఒక చిన్న దవాఖానలో కట్లు కడతాను. నిరుడు వానాకాలం చెప్పు ఒరుసుకుని ఆమె మడమ మీద పుండు పడింది. వారానికోసారి ఇంటికెళ్లి కట్టు మార్చేవాణ్ని. చాయ్ తాగనిదే కదలనిచ్చేవారు కాదు.

షుగర్ లేదు, మరి ఎందుకు మానడం లేదో నాకు అర్థం కాలేదు. ఆమెనే అడిగాను.

"ఒక కణం ఎన్నిసార్లని రెండైతదిరా? ముసలిదైనంక ఆగిపోతది. చావదు, కొత్తది పుట్టియ్యదు, ఊకె కూసుంటది. పక్కోళ్లను గూడ పని చెయ్యనియ్యదు. రిటైరైనంక గూడ స్టాఫ్‌రూముకొచ్చి కూసున్న నా లెక్క" అని నవ్వారు.

పుండు కొలత ఉండాలని పట్టుబట్టింది ఆమే. శుభ్రం చేసిన ప్లాస్టిక్ కాగితాన్ని పైన ఆనించి, అంచు వెంట పెన్నుతో గీసి, తేదీ వేయాలి. మూడో వారం గీస్తుంటే తెలిసింది, పుండు పెరిగింది. ఆమె నా మొహంలోకే చూస్తున్నారు. నా చెయ్యి కొంచెం లోపలికి జరిగింది. ఆ తర్వాత ప్రతిసారీ జరిగింది. "తగ్గుతున్నదారా?" అంటే, "తగ్గుతుంది టీచర్" అన్నాను. ఆఖరి వారం ఆమె మిర్యాలగూడలో కూతురి ఇంటికి వెళ్లారు.

"సూర్యాపేట పెద్ద దవాఖానకు పోదామని ఎంత బతిమిలాడిన్నో అన్నా" అంది కూతురు, దినాల నాడు. "తగ్గుతుంటే ఎందుకే అని నీ కాగితాలే సూపెట్టేది. సూస్తుండంగనే విషం రక్తంలకెక్కింది."

నేను సరిగ్గా గీసి ఉంటే ఆమె వెళ్లేవారా? వెళితే బతికేవారా? చివరి బెంచీలో గీసిన దొంగ బొమ్మనూ ఇట్టే పట్టేసే మనిషికి, తన మడమ మీది పుండు తెలియదా? తెలిసే ఊరుకున్నారా? ఎటు తిప్పి చూసినా నా అబద్ధం అక్కడే ఉంది. సిగ్గుగా ఉంది.

కూతురు ఆ కాగితాల కట్ట నా చేతిలో పెట్టింది. కిటికీ వెలుతురులోకి ఎత్తి చూశాను. గీత లోపల గీత, పుండు అందంగా చిన్నదవుతూ వచ్చింది. ప్రతి కాగితం మూలనా ఎర్ర సిరాతో టిక్కు, దాని కింద టీచర్ పొట్టి సంతకం. బడిలో నా బొమ్మల్లో ఒక్కదానికీ ఆమె టిక్కు పెట్టలేదు.