భిలాయిలో మా అమ్మ సముద్రం

నీళ్ల గురించి మా నాన్నకి తెలియనిది లేదు. ఈ మాట ఆయనే చెప్పేవారు, దాదాపు రోజూ, అన్నం ముందు కూర్చుని. భిలాయి ఉక్కు ప్లాంటులో ఆయనది నీళ్ల విభాగం. కొలుముల చుట్టూ తిరిగి వేడెక్కి వచ్చిన నీళ్లని పెద్ద పెద్ద టవర్ల మీంచి వానలా కురిపించి, గాలికి చల్లార్చి, మళ్లీ కొలుముల దగ్గరికి పంపించడం ఆయన ఉద్యోగం. ఉక్కు తయారుచేసేది తామేనని మిగతా ఇంజనీర్లు అనుకుంటారు గానీ, ఒక్క పూట నీళ్లు ఆగితే వాళ్ల ఉక్కూ లేదు, వాళ్ల గొప్పా లేదని ఆయన నమ్మకం. ముద్ద కలుపుతూ ఉప్పు గురించీ, సున్నం గురించీ, గొట్టాల్లో పేరుకునే గార గురించీ పాఠం చెప్పేవారు. చారులో ఉప్పు ఎక్కువైందని అనడానికి కూడా మాకు భయం. ఆ ఉప్పు మీద ఇంకో పాఠం మొదలవుతుంది.

అమ్మది విశాఖ. పుట్టింటి అరుగు మీద కూర్చుంటే సముద్రం కనిపించేదట. పెళ్లయి, సముద్రానికి ఎంతో దూరాన ఉన్న భిలాయి వచ్చిన కొత్తలో, క్యాంప్ 1 అనే పేటలోని ఇరుకు ఇంట్లో కాపురం పెట్టినప్పుడు, సాయంత్రం గాలికి అలా సముద్రం వైపు వెళ్లొద్దామా అని అడిగిందని నాన్న అందరికీ చెప్పి నవ్వించేవారు. అదంతా ఆయన కల్పించిందని అమ్మ అంటుంది. అమ్మ అడిగి ఉంటుందనే నా అనుమానం.

నేను హైస్కూల్లో ఉన్నప్పుడు, ఎనభైల మొదట్లో, విశాఖలో కొత్త ఉక్కు కర్మాగారం కడుతున్నారు. భిలాయిలోని తెలుగు ఇంజనీర్లు ఒక్కొక్కరే అక్కడికి అప్లికేషన్ పెట్టుకుని వెళ్లిపోతున్నారు. మా వీధిలో సామాన్ల లారీ కదిలిన ప్రతిసారీ అమ్మ గేటు దగ్గర నిలబడి నవ్వుతూ చెయ్యి ఊపేది. తర్వాత లోపలికి వచ్చి గిన్నెలు గట్టిగా పెట్టేది. నాన్నకి మాత్రం కదలాలని లేదు. ఆయన టవర్లు ఇక్కడున్నాయి, ఆయన మాట వినే మనుషులు ఇక్కడున్నారు. ఇంట్లో ఎలాగూ ఎవరూ వినరు కదా.

గిన్నెల చప్పుడు భరించలేకో ఏమో, ఒక రోజు ఆయన ప్రకటించారు. "నిన్ను సముద్రం దగ్గరికి తీసుకెళ్లలేను గానీ, సముద్రాన్నే నీ దగ్గరికి తెప్పిస్తాను."

"అలగే తెప్పించండి. అలలు కూడా మర్చిపోకండి," అంది అమ్మ.

సుపేలా బజారులో అద్దాలు కోసే షాపులో గాజు తొట్టి కట్టించారు. దానికి ఇనుప చట్రం. ఉక్కు ఊళ్లో ఉక్కుకి కొదవా అని నాన్న మురిసిపోయారు గానీ, ఉప్పునీళ్లు తగిలిన కొన్నాళ్లకే ఆ చట్రం తుప్పుపట్టి, వరండా గచ్చు మీద గోధుమరంగు మరకలు పడ్డాయి. తుప్పు మీద రంగు, రంగు మీద తుప్పు. గాలి బుడగలు వదిలే చిన్న మోటారు ఒకటి కలకత్తా వెళ్లిన స్నేహితుడు తెచ్చాడు. అది రోజంతా తుమ్మెదలా రొద పెట్టేది.

ఇక సముద్రం. అప్పట్లో భిలాయి నుంచి విశాఖ ఎవరు వెళ్లినా వాళ్లకి నాలుగు పనులు అప్పజెప్పడం మావాళ్ల ఆనవాయితీ. పనస తాండ్ర, ఎండు రొయ్యలు, పాత చింతపండు, ఎవరి పుట్టింటి నుంచో ఆవకాయ జాడీ. మా నాన్న ప్లాస్టిక్ డబ్బాలు అప్పజెప్పడం మొదలుపెట్టారు. నీళ్లు ఒడ్డున ముంచకూడదు, పడవ మీద లోపలికి వెళ్లి ముంచాలి, మురుగు కాలవల దగ్గరికి అసలు పోకూడదు. చరోదా రైల్వే కాలనీలో మాకు తెలిసిన తెలుగు కుటుంబం ఒకటి ఉండేది. వాళ్లకి రైల్వే పాసులుండేవి, తరచుగా విశాఖ వెళ్లొచ్చేవారు. పాపం, నాన్న చేతికి మొదట చిక్కింది వాళ్లే. ఆవకాయ జాడీ పక్కన సముద్రం డబ్బా పెట్టుకుని వచ్చేవారు.

తొట్టిలో ఇసుక, రాళ్లు, నీళ్లు కుదురుకున్నాక మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, మూత పెట్టిన బకెట్టుతో దుర్గ్ స్టేషన్లో దిగాడు. దారిలో టీసీ అడిగితే దేవుడి తీర్థమని చెప్పాడట. టీసీ దండం పెట్టుకుని వెళ్లిపోయాడట.

ఇంటికొచ్చి మూత తీస్తే లోపల ఒక రాయి. దాని మీద గోధుమరంగు జిగురు.

"ఏట్రా ఇది?" అంది అమ్మ.

"పగడం, అప్పా."

"పగడమా? పగడమంటే ఎర్రగా ఉంటాది కదేటి? ఇదేదో చిమిడిపోయిన అన్నంలాగ ఉంది."

ఉంగరంలో పెట్టుకునేది వేరే పగడాల అస్థిపంజరమనీ, ఇవి వాటి చుట్టాలనీ, బతికున్న జీవాలనీ నాన్న పాఠం చెప్పారు. అమ్మ వినలేదు. మర్నాడు పొద్దున్న వరండాలోకి ఎండ ఏటవాలుగా వచ్చి తొట్టి మీద పడినప్పుడు మాత్రం ఆమె కాఫీ గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయింది. రాయి నిండా పచ్చటి బొత్తాలు విచ్చుకున్నాయి. ఒక్కోదాని చుట్టూ సన్నటి కుచ్చులు, నీళ్లలో మెల్లగా ఊగుతూ.

"ఓలమ్మా," అంది అమ్మ. ఆ రోజు కాఫీ చల్లారిపోయింది.

ఆ తర్వాత తొట్టి నాన్నదే అయినా పగడం అమ్మది అయిపోయింది. పొద్దుటెండ పడాలి, మధ్యాహ్నమెండ పడకూడదు. అందుకని వేళకి కర్టెన్ లాగేది. ఎండు రొయ్యల పొడి చిటికెడంటే చిటికెడే వేసేది, ఎక్కువైతే నీళ్లు కుళ్లిపోతాయి. రాగి, ఇత్తడి సామాను తొట్టి దరిదాపులకి రానిచ్చేది కాదు, రాగి వాటికి విషమని నాన్న చెప్పారు కాబట్టి. నాన్న చెప్పిన మాట అమ్మ విన్నది ఆ ఒక్క విషయంలోనే.

వీధి మొత్తానికి కబురు పాకింది. సముద్రం ఎన్నడూ చూడని ఆడవాళ్లు పనులు ముగించుకుని వచ్చి తొట్టి ముందు కూర్చునేవారు. "దీదీ, ఆజ్ ఫూల్ ఖిలా క్యా?" అని గేటు బయటి నుంచే అడిగేవారు, ఇవాళ పువ్వు విచ్చిందా అని. అమ్మకి సముందర్‌వాలీ దీదీ, అంటే సముద్రం అక్క, అని పేరు స్థిరపడింది. అల ఎలా వస్తుందో, తుపాను ముందు నీళ్లు ఏ రంగుకి తిరుగుతాయో అమ్మ తన హిందీలో వాళ్లకి చెప్పేది. ఆ హిందీ విని మేము లోపల నోళ్లు నొక్కుకుని నవ్వేవాళ్లం. వాళ్లు మాత్రం నవ్వేవారు కాదు, కళ్లార్పకుండా వినేవారు.

అయినా విశాఖ మాట పోలేదు. హోలీ వెళ్లాక మా ఎదురింటివాళ్ల లారీ కూడా కదిలింది. ఆ రోజు అమ్మ గిన్నెలు చప్పుడు చెయ్యలేదు. వంటింట్లో ముఖం అటు తిప్పుకుని ఏడ్చింది. నాన్న గుమ్మంలో నిలబడి కాసేపు గొంతు సవరించుకున్నారు.

"సరే, పందెం," అన్నారు చివరికి. "తొలకరి దాకా నీ పగడం బతికిందా, సముద్రం భిలాయిలో కూడా ఉండగలదన్న మాట. అప్పుడిక విశాఖ ఊసెత్తకూడదు. చచ్చిపోయిందా, మర్నాడే అప్లికేషన్ పెడతాను."

"మాట తప్పరు కదా?"

"నీళ్ల మీద ఒట్టు."

ఆయన వేరే దేని మీదా ఒట్టు వేసేవారు కాదు.

భిలాయి ఎండ ఎలాంటిదో పందెం కాసినప్పుడు నాన్నకి గుర్తు లేదేమో. వైశాఖం వచ్చేసరికి వరండాలో కాలు పెట్టలేకపోయేవాళ్లం. తొట్టి వేడెక్కకుండా నాన్న దాన్ని ముందు గదిలోకి మార్చి, ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానునీ నీళ్ల మీదికి గాలి వచ్చేలా తిప్పి పెట్టారు. మేము విసనకర్రలతో విసురుకుంటూ కూర్చుంటే పగడం ఫ్యాను గాలికి హాయిగా ఊగేది. నీళ్లు నిజంగానే చల్లబడ్డాయి. ఇది తన టవర్ సూత్రమేనని నాన్న ఛాతీ విరుచుకున్నారు.

వడగాడ్పుకీ ఫ్యాను గాలికీ నీటిమట్టం రోజూ కిందికి దిగిపోయేది. నాన్న రోజూ డబ్బాలోంచి సముద్రపు నీళ్లు పోసి నింపేవారు. కుళాయి నీళ్లు పోస్తే పోలేదా అని నేనొకసారి అంటే, కాశీకి వెళ్లినవాణ్ణి కాలవలో మునగమన్నట్టు చూశారు. "అసలు సిసలు బంగాళాఖాతం పెట్టుకుని కుళాయి నీళ్లా?" చరోదావాళ్ల మీద ఒత్తిడి పెరిగింది. పాపం, వాళ్లు చుట్టాల పెళ్లికి వెళ్లి కూడా డబ్బాలు మోసుకొచ్చారు. నీళ్లలో ఇంకేదైనా తేడా ఉందేమో చూద్దామన్న ఆలోచనే నాన్నకి రాలేదు. సముద్రాన్ని పరీక్ష చెయ్యడమేమిటి?

పగడం ముడుచుకోవడం మొదలుపెట్టింది. మొదట అంచున ఉన్న బొత్తాలు, తర్వాత మధ్యలోవి. కొన్నాళ్లకి రాయి మొత్తం మళ్లీ చిమిడిన అన్నంలా అయిపోయింది. నాన్న ఫ్యాను స్పీడు పెంచారు. ఐసు ముక్కలు ప్లాస్టిక్ సంచిలో కట్టి నీళ్లలో వేలాడదీశారు. ఇంకా సముద్రం పోశారు. ఎంత ప్రేమగా చూసుకుంటే అది అంత ముడుచుకుంది. డ్యూటీ నుంచి వచ్చి బూట్లయినా విప్పకుండా తొట్టి ముందు గొంతుక్కూర్చునేవారు. ఆయన్ని ఏడిపించాలని మాకు కూడా అనిపించలేదు.

 అమ్మ తొట్టి అంచుల మీదా, ఫ్యాను రెక్కల మీదా తెల్లగా పేరుకుంటున్న ఉప్పుని పొద్దున్నే గుడ్డతో తుడిచేసేది. ఒక మధ్యాహ్నం ఆమె తొట్టిలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకోవడం చూశాను. ముఖం వికారంగా పెట్టి, ఆ వేలు చీర కొంగుకి తుడుచుకుని, రాయి వైపు చాలాసేపు చూసింది. అయినా నాన్నకి చెప్పలేదు. ఎందుకు చెబుతుంది? ఇంకొన్నాళ్లు ఊరుకుంటే విశాఖ.

మబ్బులు ఇంకా కనిపించలేదు. ఒక ఆదివారం అందరం భోజనానికి కూర్చున్నాం. నాన్న తింటున్నారు, పాఠం లేదు. పాఠం లేని భోజనం మాకు ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. అమ్మ ఆయన కంచంలో చారు పోసి, గరిటె అలాగే పట్టుకుని నిలబడింది.

"ఏవండీ, మీ టవర్లో నీళ్లు తగ్గితే ఏ నీళ్లు పోస్తారండీ?"

నాన్న ప్రాణం లేచొచ్చింది. "మంచి ప్రశ్న. ఉప్పు తీసేసిన మంచినీళ్లే పోయాలి. ఎందుకంటావా? గాలి తీసుకుపోయేది ఉత్త నీళ్లనే, ఉప్పుని ఇక్కడే వదిలేస్తుంది. ఇక ఆ పైన మళ్లీ ఉప్పునీళ్లే పోశావనుకో..."

ముద్ద నోటి దగ్గర ఆగిపోయింది. ఆయన ముందు గది వైపు చూశారు. ఫ్యాను తిరుగుతోంది.

"అనుకున్నాను. ఇంకేటవుతాదో కూడా చెప్పండి," అంది అమ్మ.

 నాన్న ఎంగిలి చేత్తోనే లేచి తొట్టి దగ్గరికి వెళ్లిపోయారు.

ఇన్నేళ్లు ప్లాంటులో నీళ్లకి ఉప్పెక్కకుండా చూసుకున్న మనిషి, తన ఇంట్లో సముద్రాన్ని ఊరగాయ పెట్టారు. ఆ మాట అన్నది నేను కాదు, అమ్మ. ఆ ఏడాదంతా అంటూనే ఉంది. ఒక్కసారిగా మంచినీళ్లు కుమ్మరిస్తే పగడం తట్టుకోలేదని, ప్లాస్టిక్ బకెట్టులో నిలవబెట్టిన నీళ్లని పూటకి ఒక్కో గ్లాసు చొప్పున పోయాలని నాన్న తేల్చారు. పోసింది అమ్మ. తొట్టి గోడ మీంచి ధారలా జారేటట్టు, పసిబిడ్డకి నీళ్లు పోసినట్టు పోసేది. కొన్నాళ్లకి మధ్యలో ఒక బొత్తం విచ్చుకుంది. తర్వాత ఇంకోటి. మొదటి వాన పడిన పొద్దున రాయి మొత్తం పచ్చగా ఉంది. వీధిలో ఆడవాళ్లంతా కొంగులు తల మీద కప్పుకుని తడుస్తూనే చూడటానికి వచ్చారు.

ఆ వానల్లోనే మావయ్య మళ్లీ వచ్చాడు. పందెం సంగతీ, చారు సంగతీ నేనే చెప్పాను. వరండాలో కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తున్న అమ్మ మీద విరుచుకుపడ్డాడు.

"నీకేటయింది అప్పా? నోరు మూసుక్కూర్చుంటే సరిపోయేది. ఈపాటికి మీరంతా విశాఖలో ఉండేవారు కదా!"

అమ్మ చిక్కుడుకాయ ఈనె తీస్తూ అంది. "విశాఖలో నాను సముద్రం దగ్గిరికి వెళ్లాలి. ఇక్కడ అది నా దగ్గిరికి వచ్చింది. అంత దూరం నుంచి వచ్చినదాన్ని, నాను వెళ్లడం కోసం చంపుకుంటానేటి?"

"మరి వెళ్లాలని లేదా?"

"ఎందుకు లేదు? చచ్చేంత ఉంది," అంది అమ్మ. చేతులు ఆగిపోయాయి. తర్వాత మళ్లీ ఒలవడం మొదలుపెట్టింది.

గుమ్మం లోపల నాన్న పేపరు చదువుతున్నారు. పేపరు కాస్త కిందికి దిగింది. ఆయన కళ్లు చూశాను నేను. మళ్లీ పేపరు పైకి లేచింది, ఎంతసేపైనా పేజీ తిరగలేదు. అమ్మంటే నాకు ఎంత ఇష్టమో ఆ నిమిషంలో తెలిసింది. ఆయనంటే కూడా.

మేము భిలాయిలోనే ఉండిపోయాం. విశాఖ ఊసెత్తకూడదన్న షరతు అమ్మ పాటించలేదు. ప్రతి ఎండాకాలం ఎత్తింది, నాన్న నోరు మెదపకుండా విన్నారు. కుళాయి వాషరు మార్చినా ఊరంతా చెప్పుకునే మనిషి ఆయన. ఆ పందెం తాను గెలిచానని మాత్రం బతికినన్నాళ్లూ ఎవరికీ చెప్పుకోలేదు.