మునస్వామి ఎడమ చెయ్యి

పాకాల రైలు గేటు అవతలి వీధిలో మునస్వామిని తెలియనివాళ్ళు లేరు. ఆయన నోటికి జడిసినవాళ్ళు కొందరైతే, ఆయన పలక మోతకు మురిసినవాళ్ళు కొందరు. చిన్నప్పటినుంచీ మేళంలోనే బతికాడు. జాతరకు కొట్టాడు, పెళ్ళికి కొట్టాడు, పాడె ముందూ కొట్టాడు. తోలు బిగించిన ఆ గుండ్రటి పలకను ఎడమ భుజానికి ఆనించుకుని, కుడిచేత లావు పుల్ల, ఎడమచేత సన్న పుల్ల పట్టుకుని మొదలుపెట్టాడంటే, ఊరికే నిలబడి చూసేవాడి కాలు కూడా ఆడాల్సిందే. మనిషి మాత్రం ముక్కోపి. దండం పెట్టినా తిడతాడు, పెట్టకపోయినా తిడతాడు.

పోయిన ఏడాది ఎండాకాలంలో అన్నం తింటూ తింటూ పక్కకు ఒరిగిపోయాడు. ఆసుపత్రివాళ్ళు ప్రాణం నిలబెట్టారు, మాట నిలబెట్టారు, కాలు ఈడ్చుకుంటూనైనా నడిచేట్టు చేశారు. ఎడమ చెయ్యి మాత్రం వేలాడిపోయింది. దాన్ని రోజూ కదిలిస్తూ ఉండమని చెప్పి పంపారు. మునస్వామి వింటాడా! "పోయిందేదో పోయింది. దాని మాట నా దగ్గర ఎత్తొద్దండి" అని పలకను అటక ఎక్కించేశాడు. భార్య చెంగమ్మ ఆ చేతికి నూనె రాసి ఒత్తుతుంటే, అదెవరి చెయ్యో అన్నట్టు మొహం తిప్పుకుని కూర్చునేవాడు. పైకి కోపమే గానీ లోపలంతా భయం. చెయ్యి పడిపోయినవాణ్ణి ఇక పలకోడని ఎవరంటారు? పలకోడు కాకపోతే తానింకెవరు?

ఆ ఇంట్లో ఇంకో సంగీతం కూడా ఉంది. అది కోడలిది. కొడుకు కిరణ్ కాట్పాడిలో రైల్వే పనికి పోతే, కోడలు లోహిత రోజూ రైలెక్కి తిరుపతికి పోయి ఒక బట్టల కొట్టులో చీరలు చూపిస్తుంది. చిత్తూరులో చదివేటప్పుడు హాస్టల్లో స్టెల్లా అనే స్నేహితురాలు ఆమెకు గిటారూ నేర్పింది, బ్లూసూ అంటించింది. బ్లూస్ అంటే ఏమిటో అనుకునేరు. అమెరికాలో నల్లవాళ్ళు తమ కష్టాన్ని పాట కట్టుకున్న తీరు అది. ఒకే మాట రెండుసార్లు చెప్పి, మూడోసారి అసలు సంగతి తేల్చేస్తారు. లోహిత అదే తీరులో మన మాటల్లో పాటలు కట్టి, వారం సెలవునాడు వెనక గదిలో ల్యాప్‌టాప్ ముందు పాడుకుని రికార్డు చేసుకునేది. డ్రమ్స్ మాత్రం కంప్యూటర్ కొట్టేది.

అదే మునస్వామికి ఒళ్ళుమంట.

"ఏంది పాపా అది? ఇడ్లీపాత్ర మూత కొట్టుకున్నట్టు టకటకామని! ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ తేడా ల్యా. ఊపిరి తీసుకోకుండా కొట్టేది మనిషా, పిశాచమా?"

"మిషన్ మామా."

"అదే నేనూ అంటా ఉండాను."

"అంత బాగలేకపోతే నువ్వే కొట్టు మామా" అనేసింది లోహిత. అనేసి నాలుక కరుచుకుంది.

మునస్వామి లేచి బయటికి పోయాడు. తిట్టను కూడా తిట్టలేదు. ఆయన తిట్టకపోయేసరికి వాకిట్లో చెంగమ్మకు గుండె గుభేలుమంది.

మళ్ళీ సెలవు రోజు వచ్చింది. లోహిత గదిలో కొత్త పాట పాడుకుంటోంది.

నిలబడే ఉండా పొద్దున్నించీ, నా కాళ్ళు నావి కాకపోయె
నిలబడే ఉండా పొద్దున్నించీ, నా కాళ్ళు నావి కాకపోయె
కుర్చీ ఉండాది సామీ ఎదురుగా, కూసుంటే కొలువే పోయె

తలుపు కిర్రుమంది. మునస్వామి గడప దగ్గర నిలబడి ఉన్నాడు.

"నిజంగానే కూసోనియ్యరా మిమ్మల్ని?"

"గిరాకీ లేకపోయినా కూసోకూడదు మామా."

మునస్వామి ఆ కొట్టువాణ్ణీ, వాడి తాతనూ కలిపి తిట్టాడు. తర్వాత గొంతు తగ్గించి, "నా కాళ్ళు నావి కాకపోయె అనే కాడ మళ్ళా పాడు" అన్నాడు. ఆమె పాడింది. ఆయన ఎడమ చేతివైపు ఒకసారి చూసుకుని, "పలక దించమను మీ అత్తను" అన్నాడు. అంతలోనే తల అడ్డంగా ఊపాడు. "దించి ఏం సేస్తాను? ఒంటిచేత్తో ఏం కొట్టేది?"

"ఒక్కొక్క చెయ్యి ఒక్కొక్కసారి కొట్టు. ముందు లావు పుల్ల కొట్టు, నేను రికార్డు చేస్తా. తర్వాత దాన్ని చెవుల్లో వింటా సన్న పుల్లది కొట్టు. రెండూ కలిపేది నా పని."

"సన్న పుల్లది ఎవురు కొట్టాల?"

"అదీ నీ కుడిచెయ్యే."

మునస్వామి చాలా రోజుల తర్వాత నవ్వాడు. "ఓసి దొంగా! ఇది మోసం గదా!"

"రికార్డింగ్ అంటేనే మోసం మామా."

ఇంట్లో ఉన్న బొంతలన్నీ గది గోడలకు వేలాడాయి. గోతాలు కిటికీకి ఎక్కాయి. గోడ నుంచి మోత తిరిగొచ్చి దెబ్బను చెరిపేయకుండా ఆ ఏర్పాటు. కానీ పలకకు ఇంకో పేచీ ఉంది. మంట మీద కాచితేనే తోలు బిగిసి పలుకుతుంది, చల్లారితే మొద్దు. అందుకని చెంగమ్మ పెరట్లో గడ్డిమంట వేసి కాచి ఇవ్వడం, లోహిత దాన్ని ఎత్తుకుని గదిలోకి పరిగెత్తడం. ఇంతా చేసి మైకు పెట్టేసరికి జంక్షన్లో రైలు కూత. అది ఆగేదాకా ఆగితే పలక చల్లారిపోయె. "ఈ రైలు పాడుగాను!" అని మునస్వామి, "అరవొద్దు మామా, అదీ రికార్డులో పడతాది" అని లోహిత. పొద్దు వాలేసరికి రెండు పుల్లల దెబ్బలూ రికార్డయ్యాయి.

కలిపి వినిపిస్తే వీధిలో పోయేవాళ్ళు కూడా ఆగారు. ఒక్క దెబ్బ తప్పలేదు. చెంగమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి పూర్తిగా వింది.

"బాగుండాది. ఎవురు కొట్టింది?"

"ఎవురేందిమే? నేనే!"

"నువ్వు కాదు" అంది చెంగమ్మ. "నువ్వు కొడితే పొయ్యికాడున్నా నాకు తెలుస్తాది. నీ సన్న పుల్ల ఒక రవ్వ ఎనకబడి వస్తాది. అదొచ్చేలోపల మనిషికి గుండె ఆగినట్టుంటాది. ఇక్కడ రెండూ కుడిచేతులే."

ఆమె అబద్ధం చెప్పడం ఎరగదు, అదే వచ్చిన చిక్కు. మునస్వామి మెడలో ఉన్న హెడ్‌ఫోన్సు తీసి మంచం మీద విసిరికొట్టాడు. "ఇన్నావా పాపా? ఆ చెయ్యి సచ్చిపోయింది. సచ్చినోళ్ళ చేత కొట్టించలేవు నువ్వు" అని దుప్పటి ముసుగు పెట్టాడు.

లోహితకు ఆ వారమంతా కొట్టులో మనసు నిలవలేదు. గిరాకీ ఎర్రచీర అడిగితే పచ్చచీర తీసిచ్చి తిట్లు తింది. అనవసరంగా ముసలాయన్ను లేపి కింద పడేశానే అని బాధ. సెలవు రోజు లేస్తూనే మంచం దగ్గరికి పోయింది.

"మామా, ఆ చేత్తోనే కొట్టు."

"ఏ చేత్తో?"

"ఎడమచేత్తో."

మునస్వామి ఇల్లు అదిరేలా అరిచాడు. తనను ఎగతాళి చేస్తోందన్నాడు, పెద్దా చిన్నా లేదన్నాడు. ఎన్నడూ గొంతు పెంచని చెంగమ్మ నూనెగిన్నె నేలకేసి కొట్టింది.

"అరిసింది చాలు! ఏడాదిగా ఆ చెయ్యి ఒత్తేది నేను. అప్పుడప్పుడు వేళ్ళు నా వేలు పట్టుకుంటా ఉండాయి. నువ్వు మొగం తిప్పుకోని కూసుంటివి, నీకేం తెలుసు?"

మునస్వామి ఆ చేతివైపు మొహం తిప్పాడు. "నాకు సెప్పలేదేమే?" అన్నాడు.

"సెప్పనిస్తివా?"

పలకను కుర్చీకి కట్టి, ఆ చెయ్యి వాలేచోటికి వంచి పెట్టారు. చెంగమ్మ సన్న పుల్లను చీరపేలికతో ఆయన వేళ్ళకు చుట్టింది. మునస్వామి పళ్ళు బిగబట్టాడు. నుదుట చెమట పట్టింది. పుల్ల కదిలింది, తోలు మీద వాలింది. చప్పుడేమీ కాలేదు. ఈగ వాలినా అంతకంటే వినబడుతుంది.

"సూసినారా" అన్నాడు. ఆ గొంతులో కోపం కూడా లేదు.

లోహిత మైకును తోలుకు ఆనీ ఆననట్టు జరిపింది. హెడ్‌ఫోన్సు తాను పెట్టుకుని, "ఇంకోసారి" అంది. పుల్ల వాలింది. ఆమె వాటిని చెవులకు ఇంకా గట్టిగా అదుముకుంది. "పలక ఇంకా కాచు అత్తా. బాగా బిగియాల" అని మాత్రం అంది. నీరసం దెబ్బకు మెత్తటి తోలు పలకదు. చెంగమ్మ ఆ రోజంతా మంట దగ్గరే ఉంది. పాటలో ఒక్కొక్క ముక్క వినిపించడం, ఆ ముక్కకు ఆయన కొట్టడం, పలక కాచడం, మళ్ళీ కొట్టడం. మునస్వామి మధ్యమధ్యలో చేతిని తిట్టాడు, పుల్లను తిట్టాడు, చివరికి అమెరికావాళ్ళను కూడా తిట్టాడు. తనకేమీ వినబడకపోయినా మానలేదు.

మర్నాడు లోహిత కొట్టుకు ఒంట్లో బాగలేదని చెప్పి కంప్యూటర్ ముందు కూర్చుంది. తిట్లన్నీ కత్తిరించింది. ఎడమచేతి దెబ్బల మోత పైకి, పైపైకి పెంచింది. దాంతోపాటు గడ్డిమంట చిటపటలూ, ముసలాయన ఆయాసమూ పైకొచ్చాయి. వాటిని కొంచెం తగ్గించింది గానీ పూర్తిగా తుడిచేయలేదు. దెబ్బలన్నిటినీ తాళానికి సరిగ్గా లాగిపెట్టే మీట ఒకటుంది. దానిమీదికి పోయిన వేలు వెనక్కి తీసుకుంది. కుడిచేతి దెబ్బ కుడిచెవిలోకి, ఎడమచేతి దెబ్బ ఎడమచెవిలోకి వచ్చేట్టు సర్ది, మామను పిలిచి కూర్చోబెట్టి హెడ్‌ఫోన్సు పెట్టింది.

పాట మొదలైంది. లావు పుల్ల కుడిచెవిలో దిమ్మని పడింది. మునస్వామికి అది తెలిసిందే. అప్పుడు ఒక రవ్వ ఆగి, గుండె ఆగినట్టయ్యాక, ఎడమచెవిలో సన్న పుల్ల ఛళ్ళుమంది.

ఆయన ఉలిక్కిపడి ఎడమవైపు తిరిగి చూశాడు. అక్కడెవరూ లేరు. తన చెయ్యి ఒళ్ళో పడి ఉంది. చెవిలో మాత్రం అది పుల్ల పట్టుకుని దెబ్బ మీద దెబ్బ వేస్తోంది. లోహిత గొంతు నా కాళ్ళు నావి కాకపోయె అన్నచోట ఇంకా ఎగిసింది. మునస్వామి కళ్ళవెంట నీళ్ళు ధారగా కారిపోతున్నాయి. తుడుచుకోలేదు. కుడిచేత్తో ఎడమచేతిని గట్టిగా పట్టుకుని ఉన్నాడు.

చెంగమ్మ ఆ హెడ్‌ఫోన్సు తీసి తన చెవులకు పెట్టుకుంది. రెండు దెబ్బలు విని, "ఇప్పుడు నువ్వే" అని పక్కనే చతికిలబడింది.

లోహిత తెరవైపు చూసి, మెల్లగా అడిగింది. "మామా, ఎడమచేతిది కొంచెం ఎక్కువైంది. కుడిచేతి దెబ్బను, నా గొంతును కూడా మింగేస్తా ఉండాది. తగ్గియ్యనా?"

"తగ్గియ్యొద్దు పాపా" అన్నాడు మునస్వామి. "ఏడాది నోరు మూసుకోని ఉన్నింది. అరవనీ."

లోహిత తగ్గించలేదు.