మల్లేశం కాక కాళ్లకు అంటగట్టిన వాసన

ఆ రోజు పొద్దున కరీంనగర్‌లో మా కాలనీ కమ్యూనిటీ హాల్లో ఉన్నవాళ్లు: యోగా నేర్పే సుజాతక్క, నేర్చుకునే మేం తొమ్మిది మందిమి. ఉన్నవి: సింథటిక్ మ్యాట్లు పది, కిటికీలు నాలుగు, కూలర్ ఒకటి, కంపు ఒకటి. ఆ కంపు ఎక్కడిదో కాసేపట్లో ఒక్కడికి తెలిసింది. ఆ ఒక్కడిని నేనే. నాలుగేళ్లుగా ఈ మాటను గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. మీకెందుకు చెబుతున్నానంటే, మీరు మల్లేశం కాకను ఎరగరు.

కాకది పాల వ్యాపారం. మంథని దిక్కు నుంచి వచ్చి మా కాలనీ చివర బర్రెలు పెట్టుకున్నాడు. నడుము పట్టేసింది. యోగా చెయ్యకపోతే ఆపరేషనే అని డాక్టర్ భయపెడితే క్లాసులో చేరాడు. రెండు నెలలకు వంగి కాలి వేళ్లు పట్టుకున్నాడు. మేమంతా చప్పట్లు కొట్టాం.

కంపు అప్పటికి వారం నుంచి ఉంది. శవాసనంలో మరీ ఎక్కువ.

"తమ్మీ, నువ్వు ఇంజనీరువు గదా. గా వాసన ఏడికెల్లి వస్తుందో జర చూడు" అంది సుజాతక్క.

నాది మెకానికల్. అయినా పద్ధతిగా వెతికాను. ముందు బయటి మురుగు మోరీ. తర్వాత కూలర్ గడ్డి. ఆ తర్వాత, అందరూ బయట నీళ్లు తాగుతుండగా, మ్యాట్లన్నీ ఒక్కొక్కటే వంగి వాసన చూశాను. తొమ్మిదింటికి ఏమీ లేదు. కాకది అందులోనే ఉంది. పదోది నాది.

కారణం అక్కడికక్కడే అర్థమైంది. నాది చవక ఫోమ్. దాని నిండా కంటికి కనపడని రంధ్రాలు. చెమటను తాగుతుంది, వదలదు. దాన్ని నేను ఆరనివ్వకుండా బిగించి చుట్టి, కవర్లో పెట్టి, రోజంతా బండి డిక్కీలో ఉడకబెట్టేవాడిని.

లోపలికి వస్తూనే బట్టల దుకాణం శ్రీనన్న గొంతు తగ్గించాడు. "మల్లేశం కాక బర్రెల కాడికెల్లి సీదా వస్తుండు. ఆయన కాళ్లే కావొచ్చు. ఏమంటవ్ తమ్మీ?"

"ఉండొచ్చు" అన్నాను.

ఉండొచ్చు అంటే ఉందని కాదు కదా, సాంకేతికంగా అది అబద్ధం కిందికి రాదు కదా అని చాలాకాలం నాతో నేనే వాదించుకున్నాను. ఎవరిని మోసం చెయ్యడానికి? తెలిసినవాడు అనే 'ఉండొచ్చు', తెలియనివాడు అనే 'ఉండొచ్చు' ఒకటేనా?

తిరిగి చూస్తే గుమ్మంలో కాక. అప్పుడే నల్లా దగ్గర కడుక్కున్నాడేమో, కాళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"నిజమేనేమో బిడ్డా. మన వాసన మనకు తెల్వది గదా" అన్నాడు.

మర్నాడు కాళ్లకు పౌడర్ కొట్టుకుని వచ్చి, వెనకాల తలుపు పక్కన మ్యాట్ పరుచుకున్నాడు. ఆ తర్వాత రాలేదు. సరిగ్గా ఆ వారమే నేను తెప్పించుకున్న కార్క్ మ్యాట్ వచ్చింది. పాతది చెత్తబండిలో వేశాను. కంపు పోయింది. "చూసిండ్రా?" అన్నాడు శ్రీనన్న. అందరూ చూశారు.

కార్క్ నిజంగా మంచిది. చెట్టును నరకరు, బెరడు మాత్రమే ఒలుస్తారు, అది మళ్లీ పెరుగుతుంది. చెయ్యి తడిసేకొద్దీ పట్టు పెరుగుతుంది; సింథటిక్ మీద అదే చెమటకు జారతాం. పొడి చేతులతో అయితే కాస్త జారుతుంది, నాలుగు చుక్కలు చల్లుకోవాలి. చివరికి మట్టిలో కలిసిపోతుంది. ఇవన్నీ ఎవరడిగినా చెబుతాను. నా మాట మీద క్లాసులో ఆరుగురు కొన్నారు. అన్నిటికంటే పెద్ద లాభం మాత్రం, అంటే చెమటను లోపలికి పీల్చుకోదు, కంపు కొట్టదు అన్నది, ఇప్పటివరకు ఒక్కరికీ చెప్పలేదు. చెబితే, నా మ్యాట్ మారిన వారమే కంపు పోయిందని శ్రీనన్న లెక్క కట్టేస్తాడు.

పోయిన వారం అసలు మాట చెబుదామని కాక ఇంటికి వెళ్లాను. ఆయన నడుము మళ్లీ పట్టేసింది. మే నెల ఎండలో కాళ్లకు సాక్సులు వేసుకుని పాలు పితుకుతున్నాడు. నన్ను చూసి సంబరపడ్డాడు. ఒక సాక్సు విప్పి పాదం ముందుకు చాపాడు.

"నువ్వే చూసి చెప్పు బిడ్డా, జరంత తగ్గిందా?"

వంగి చూశాను. సబ్బు వాసన.

"ఏం లేదు కాకా. అప్పుడు గూడ లేకుండె."

"మర్యాదకు అంటున్నవ్. మా ఇంటామె గూడ గట్లనే అంటది" అని మళ్లీ తొడుక్కున్నాడు.

ఇంకొక్క వాక్యం మిగిలింది. అది రాలేదు. చెంబెడు పాలు పోసిస్తే తీసుకుని లేచాను.

ఆ వాక్యం ఇది: కంపు కొట్టింది నా మ్యాట్. రాశాను. ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. కాక నడుముకు దీనివల్ల ఒరిగేదేమీ లేదు, ఆ సంగతి నాకు తెలుసు.

ఆ రోజు వచ్చేటప్పుడు బర్రెల పాక పక్కన దండెం మీద కాక సాక్సులు ఆరుతున్నాయి. ఏడు జతలు.