ఉప్పు లేని కాఫీ

ఇథియోపియాలో, గింబీ కొండవాలున మా వీధికి కాఫీ పోసే అధికారం వర్కితుది. ఎవరూ ఇచ్చింది కాదు కనుక తీసేసే వీలూ ఎవరికీ లేదు. ఆమె మెడ మీద గుమ్మడిపిందెంత కంతి ఉండేది. మా కొండల్లో అదేమంత విశేషం కాదు. మెడ నున్నగా ఉన్నవాళ్ళనే మేం పరాయివాళ్ళుగా గుర్తుపడతాం.

ఒకనాడు మట్టికూజా ఎత్తి పోస్తూండగా ఆమె కుడిచెయ్యి మోచేతి పైన పుటుక్కున విరిగింది. కూజా కూడా పగిలింది. వీధి ముందు కూజా గురించే విచారించింది. మెడలోని థైరాయిడ్ గ్రంథిలో పుట్టిన క్యాన్సర్ ఎముకలోకి పాకిందని అడిస్ అబాబా డాక్టరు తేల్చాడు.

"మెడది మెడలో ఉండక చేతిలో దానికేం పని?" అంది పక్కింటి చాల్తు.

"నీకు ఇల్లుండగా రోజూ మా ఇంట్లో ఏం పనో, దానికీ అదే," అంది వర్కితు.

గ్రంథి తీసేశారు, చేతిలో ఊచ వేశారు. మిగిలినదానికి నెలల ఎడంతో మూడు విడతలుగా రేడియో అయోడిన్ అనే రేడియేషన్ మందు మింగాలి. ప్రతి విడతకూ ముందు అయోడిన్ ఉప్పు ముట్టకూడదు. బజారులో దొరికేదంతా ఆ ఉప్పే. మేమేమో కాఫీలో ఉప్పు వేసుకుంటాం. క్యాన్సర్ అన్నప్పుడు చలించని మనిషి ఈ మాటకు కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

రెండు విడతలయ్యాయి. చెయ్యి అతికింది. ఎముకలో ఇంకా కొంత మిగిలిందని, మూడోది మానితే మళ్ళీ పెరుగుతుందని డాక్టరు చెప్పాడు. "కూజా లేస్తోంది, ఇక వెళ్ళను" అని వర్కితు తీర్పిచ్చింది. మొగుడు గుదేతా బతిమాలాడు, పాస్టరు ప్రార్థించాడు. తీర్పు మారలేదు.

ఆ సాయంత్రం చాల్తు రెండో కప్పు తాగి లేచింది. మూడోది బరకా, దీవెన కప్పు. అది తాగకుండా లేవడమంటే పోసినవాళ్ళ మొహం మీద తలుపేయడమే.

"ఎక్కడికే, బరకా తాగకుండా?"

"రెండింటికే ఒంట్లో బాగుంది వదినా. మూడోది దేనికి?"

"దీవెన వదిలేసి పోయేదాన్ని మనిషంటారటే?"

"అనరు. మరి నిన్నేమనాలా అని చూస్తున్నా."

సభ యావత్తూ కప్పుల్లోకి తొంగిచూసింది. ఎత్తిన కూజా ఎత్తినట్టే పట్టుకుని వర్కితు చాలాసేపు ఆలోచించింది.

"కూర్చో. వెళ్తాలే," అని పోసింది.

వెళ్ళింది. మందు మింగి, ఎవరినీ దగ్గరకు రానివ్వకూడని రోజులు అక్కడే గడిపి వచ్చింది. ఎముక ప్రస్తుతానికి నిమ్మళంగా ఉందట. వచ్చి చూపించుకుంటూ ఉండాలట. ఆ సంగతి గుమ్మంలోనే ముగించి అసలు విషయానికొచ్చింది.

"నేను లేనప్పుడు కాఫీ ఎవరు పోశారు?"

"నేనే," అంది చాల్తు.

"ఎలా ఉంది?"

అందరం కొండల వైపు చూశాం. చివరికి గుదేతా నోరు విప్పాడు. "ఉప్పు ఎక్కువైంది."

"నా వాటా కూడా అందులోనే వేసినట్టుంది," అంటూ వర్కితు కూజా అందుకుంది.