మంచినూనె బ్రేకులు

మోటారు కారును మూకుడుగా మార్చిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? ఆ ఘనుణ్ణి నేనే. కైకరం దగ్గర రోడ్డు వార, పట్టపగలు, ఒక కారూ ఇద్దరు పెద్దవాళ్లూ నా తెలివితేటలకు బలైపోయిన వైనం ఇది. కంగారు పడకండి, ప్రాణాలేమీ పోలేదు. పోయింది నా మద్రాసు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త. ఏలూరులో తివాచీల వ్యాపారం చేసే మా మావయ్యగారింట్లో ఉండి చదువు ముగించాను. ముగించానంటే పరీక్ష తప్పానని మర్యాదగా చెప్పడం. మావయ్యగారికి యుద్ధానికి ముందునాటి పాత కారు ఒకటుండేది. దాని స్టీరింగు తిప్పితే, కారు కాసేపు ఆలోచించుకుని అప్పుడు తిరిగేది. నాకేమో మోటార్ల పిచ్చి. మద్రాసు వెళ్లి ఆ విద్య నేర్చుకోవాలని ఒకటే కల. రోజూ నస పెడుతుంటే ఒకనాడు మావయ్యగారు తేల్చేశారు.

"ఒరేయ్ సూర్యం, ఒక్క నెల ఈ కారును ఏ పేచీ లేకుండా నడిపించు. నెల తిరిగేసరికి నిన్ను మద్రాసు పంపించే పూచీ నాది."

ఇరవై ఎనిమిది రోజులు కారు నా పరువు కాపాడింది. ఇరవై తొమ్మిదో రోజున బ్రేకు మెత్తబడింది. తొక్కితే పెడలు పాతాళానికి పోతోంది గానీ కారు ఆగదు. మర్నాడేమో తాడేపల్లిగూడెంలో అత్తయ్య చెల్లెలి మనవడి అన్నప్రాశన. అందరం కారులోనే వెళ్లాలి.

గబగబా అబ్బులు మేస్త్రీ షెడ్డుకి తీసుకెళ్లాను. ఏలూరులో ఏ కారుకి జబ్బు చేసినా ఆయనే వైద్యుడు. గట్టిగా మాట్లాడితే బోల్టులు నొచ్చుకుంటాయన్నట్టు ఉంటుంది ఆయన మాట. పెడలు నొక్కి చూసి అన్నాడు:

"బ్రేకులో నూనె పాడైపోయిందండి, బాబుగారూ. పాతదంతా వంపేసి మంచి నూనె పొయ్యండి. ఏది పడితే అది పోస్తే లోపల రబ్బర్లు ఉబ్బిపోతాయండి. నేను పోసెయ్యనాండీ?"

"అక్కర్లేదండీ, ఆమాత్రం నాకు తెలుసు," అన్నాను. తెలియకేం! మోటార్ల మీద ఇంగ్లీషు పుస్తకం ఒకటి సగం చదివినవాణ్ణి. బ్రేకుల సంగతి రెండో సగంలో ఉందని తర్వాత తెలిసింది.

తిన్నగా వంటింట్లోకి వెళ్లాను.

"అత్తయ్యా, మంచినూనె ఉందాండీ?"

మా వైపు మంచినూనె అంటే నువ్వుల నూనె. గారెలకైనా ఆవకాయకైనా అదే.

"నిన్ననే గానుగ దగ్గర్నుంచి తెప్పించాను. ఎందుకురా?"

"కారు బ్రేకులకండీ."

"బ్రేకులకి మంచినూనె తగలేస్తావా? ఆముదం ఉందిగా, అది పోసుకో."

నాకు నవ్వాగలేదు. "ఆముదమా! కారంటే ఎడ్లబండి అనుకున్నారా? ఏది పడితే అది పోస్తే రబ్బర్లు ఉబ్బిపోతాయండీ!"

పాపం, ఆవిడ నా శాస్త్రజ్ఞానానికి జడిసి చెంబెడు నూనె ఇచ్చేసింది. సాయంత్రందాకా కూర్చుని పాతదంతా వంపి, కొత్తది పోసి, గొట్టాల్లో గాలి పోయేదాకా తొక్కి తొక్కి కాళ్లు పీకేలా పనిచేశాను.

మర్నాడు పొద్దున్న బయల్దేరాం. ఊరి చివర రైల్వే గేటు దగ్గర బ్రేకు వేస్తే కారు టక్కున నిలబడింది.

"శెభాష్ రా!" అన్నారు మావయ్యగారు. మద్రాసు సముద్రపు గాలి నా మొహానికి తగిలింది.

గుండుగొలను దాటాక కారు నీరసించింది.

"ఏరా, ఒంటెద్దు బండి మనల్ని దాటేసింది?"

"ఎదురుగాలండీ, మావయ్యగారూ."

"చెట్టు మీద ఆకు కదలడం లేదు కదరా!"

"అయితే పెట్రోల్లో నీళ్లు కలిసుంటాయండీ."

భీమడోలు దగ్గర్నుంచి కారు ఎడమ పక్కనున్న పంటబోదె నీళ్లలోకి లాగడం మొదలెట్టింది. "ఇది స్టీరింగు జబ్బు" అని తేల్చాను. దిగి, స్టీరింగు కింద కనపడ్డ బోల్టునల్లా బిగించాను. దాంతో స్టీరింగు చక్రం నా ఒక్కడికి తిరగడం మానేసింది. నేనొక పక్కా మావయ్యగారొక పక్కా పట్టుకుని తిరగలి తిప్పినట్టు తిప్పుతూ పుళ్ల ఊరు దాటాం. వెనక సీట్లోంచి అత్తయ్య గట్టిగా గాలి పీల్చింది.

"ఎవరో గారెలు వేస్తున్నార్రా. వాసన ఎంత కమ్మగా ఉందో!"

"ఊరు కదండీ, వేసుకుంటారు."

"ఊరు దాటి మైలయింది కదరా!"

కైకరం దగ్గర కారు కీచుమని ఆగిపోయింది. కొల్లేటి చేపల గంపలు కట్టుకున్న సైకిలతనొకడు మా పక్కన దిగాడు. "ఏవండీ, మీ ముందు చక్రంలోంచి పొగొస్తోందండీ," అని, కాస్త ముందుకు వంగి, "నూనె మంచిదేనండీ. రెండు ముక్కలు వేయించిపెట్టమంటారా?" అన్నాడు.

ఏలూరు వెళ్లే బస్సు కండక్టరుతో కబురు పంపితే రెండో బస్సులో అబ్బులు మేస్త్రీ దిగాడు. ఈలోగా తాడేపల్లిగూడెంలో పసివాడు పాయసం నాకేసి నిద్రపోయుంటాడు. మేస్త్రీ చక్రం వెనక మర ఒకటి వదులు చేస్తే నూనె చిమ్మింది. వేలికి రాసుకుని వాసన చూశాడు.

"ఏం నూనె పోశారండీ?"

"మీరు చెప్పిందేనండీ. మంచినూనె."

ఆయన వేలు గుడ్డకి తుడుచుకున్నాడు. తర్వాత ఎప్పటికన్నా మెత్తగా అన్నాడు. "నేను మంచి నూనె అన్నానండి, బాబుగారూ. మంచినూనె అనలేదండి. బ్రేకు నూనె డబ్బాల్లో వస్తుందండి. ఇది తగిలి రబ్బర్లు ఉబ్బి, బ్రేకు పట్టిందల్లా వదల్లేదండి. ఎడమ చక్రం మరీ బిగుసుకుంది, అందుకే అటు లాగింది. స్టీరింగుకి ఏ జబ్బూ లేదండి, మీరు బిగించేదాకా." మర మళ్లీ బిగిస్తూ, "ఆముదం పోసినా ఇంతకన్నా నయమేనండి. అసలు బ్రేకు నూనె ఆముదంతోనే చేస్తారంటండి," అన్నాడు.

అత్తయ్య నావైపు చూసిన చూపు ఇప్పటికీ వీపు మీద చురుక్కుమంటుంది. సిగ్గుతో బోదెలో దూకేద్దామనుకున్నాను, మోకాలి లోతు కూడా లేదు. చివరికి మావయ్యగారి మొహంలోకి చూసి, బతిమాలే గొంతుతో అడిగాను.

"మరి, మద్రాసండీ?"

"మద్రాసులో అంతా ఇంగ్లీషులో చెప్తార్రా. నువ్వు రేపట్నుంచి అబ్బులు షెడ్డుకి వెళ్లు. ముందు తెలుగు నేర్చుకో."

వెళ్లాను. నేర్చుకున్నాను. ఆ షెడ్డు వల్లే ఇవాళ నాలుగు మెతుకులు తింటున్నాను గనక, అత్తయ్యగారి గారెల మూకుడు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో ఎవరు నాకు మంచి మాట చెప్పినా, "కలిపి అన్నారా, విడదీసి అన్నారా?" అని అడగందే అడుగు కదపను.