రాజు రానిదే రొట్టె ముట్టరు

ఎర్సీలియా టీచరు బల్ల సొరుగులో ఎప్పుడూ ఒక గుడ్డసంచి ఉంటుంది. అందులో ఎండు చిక్కుడు గింజలుంటాయి. తెల్లవి బోలెడు, ఎర్రవి కొన్ని, నల్లది ఒక్కటే. మా రొక్కాపేర్తా ఊరి బడిలో చదివిన వాళ్ళెవరూ ఆ సంచిలో చెయ్యి పెట్టకుండా ఆరో తరగతి దాటలేదు. రొట్టెలంగడి ఆయన తీసింది తెల్ల గింజే. ఇప్పటి మేయరు తీసిందీ తెల్ల గింజే, కానీ ఆ మాట ఎత్తితే ఆయన మొహం మాడ్చుకుంటాడు.

చరిత్ర పుస్తకం తెరిచి వరసగా చదివించడం ఎర్సీలియా వల్ల కాదు. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి, ఎనిమిది వందల ఏళ్ళ కిందటి సంగతులు నిన్న సాయంత్రం పక్కింట్లో జరిగినట్టు మాట్లాడుతుంది. మఠాల పాఠం వచ్చిందంటే పిల్లల చేతుల్లో బాతు ఈకలూ సిరాబుడ్లూ ఉండాల్సిందే. కోట ముట్టడి పాఠం వచ్చిందంటే చెక్కముక్కలతో రాళ్ళు విసిరే యంత్రం తయారవుతుంది. ఒక ఏడు అది విసిరిన ఉడికిన బంగాళాదుంప కిటికీలోంచి ఎగిరి, కింద నిలిపిన హెడ్‌మిస్ట్రెస్ కారు అద్దానికి అంటుకుపోయింది.

"టీచరమ్మా, మీ మధ్యయుగాలు అయిపోయేదాకా నేను సెలవు పెడతాను. గోడల మీద సిరా కడగడానికి ఇంకెవర్నయినా చూసుకోండి" అంటాడు అటెండరు గస్పారే, ప్రతి ఏడూ. ప్రతి ఏడూ తనే కడుగుతాడు.

వసంతంలో గింజల ఆట మొదలవుతుంది. నల్ల గింజ తీసినవాళ్ళు రాజు. ఎర్ర గింజ తీసినవాళ్ళు సామంతులు. తెల్ల గింజ తీసినవాళ్ళంతా రైతులు. విరామం గంట కాగానే రైతులు తాము తెచ్చుకున్న తిండిలో కొంత తుంచి రాజు బల్ల మీద పెట్టాలి. రాజు తన వాటా తీసుకుని, మిగిలింది సామంతులకు పంచాలి. అది పూర్తయ్యేదాకా ఎవరూ ముద్ద నోట్లో పెట్టకూడదు. రెండు వారాలు తిరక్కుండానే రైతులకు ఒళ్ళు మండి తిరగబడతారు. అప్పుడు ఎర్సీలియా చేతులు రుద్దుకుంటూ రైతుల తిరుగుబాట్ల పాఠం మొదలుపెడుతుంది. ముప్పై ఏళ్ళుగా ఇదే వరస.

ఈ ఏడు నల్ల గింజ ఫ్లావియా చేతికి వచ్చింది.

క్లాసంతా ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. ఫ్లావియా అసలు ఆ రోజు బడికి రావడమే విశేషం. తండ్రి జర్మనీకి లారీ తోలతాడు, ఆదివారాలు తప్ప కనబడడు. తల్లికి బిస్కెట్ల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు, తెల్లారి వచ్చి పడుకుంటుంది. లేచావా, బడికి వెళ్ళావా అని అడిగేవాళ్ళు ఆ ఇంట్లో ఎవరూ లేరు. అన్న ఇలాగే రెండుసార్లు అదే తరగతిలో కూచుని, మూడోసారి బడికే దండం పెట్టేశాడు. బడి రోజుల్లో నాలుగో వంతు మానేస్తే ఆ తరగతి మళ్ళీ చదవాల్సిందే అన్నది మా దగ్గర నియమం. ఫ్లావియా ఆ అంచుకు వచ్చేసింది. ఎర్సీలియాకు బెంగంతా అదే. ఇంటికి ఎన్నిసార్లు ఫోన్ చేసినా తీసే దిక్కు లేదు.

"రాణీ అనాలా టీచర్?" అని అడిగింది బెనెదెత్తా. ఆ క్లాసులో అందరి తరఫునా మాట్లాడే పిల్ల ఆమె.

"రాణి అంటే రాజుగారి పెళ్ళాం అనుకుంటారు. రాజు అనే అనండి" అంది ఫ్లావియా. ఆ పిల్ల క్లాసులో అన్ని మాటలు ఒకేసారి మాట్లాడ్డం అదే మొదలు.

ఆట మొదలైన కొద్ది రోజులకే ఫ్లావియా మళ్ళీ మానేసింది. విరామం గంట మోగింది. పిల్లలు డబ్బాలు తెరిచి, చేతులు కట్టుకుని కూచున్నారు.

"తినరేం?" అంది ఎర్సీలియా.

"రాజు వాటా తీసుకోలేదు కదా టీచర్" అంది బెనెదెత్తా.

"రాజు ఇవాళ రాదమ్మా. నేను చెబుతున్నాగా, తినండి."

"మీరు మా రాజ్యంలో లేరు కదా టీచర్."

ఇరవైమంది పిల్లలు డబ్బాల మూతలు పెట్టేసి, ఆకలితోనే లెక్కల క్లాసుకు కూచున్నారు. ఎర్సీలియాకు ఏమీ అర్థం కాలేదు. మర్నాడు మొదటి గంట కొట్టకముందే ఫ్లావియా గుమ్మంలో ఉంది. తల దువ్వుకోలేదు, బూట్ల తాళ్ళు వేలాడుతున్నాయి. ఆ రోజు నుంచి ఒక్క పూట మానలేదు.

రెండు వారాలు దాటాయి, మూడోది గడిచింది. తిరుగుబాటు మాత్రం రాలేదు. ఎర్సీలియా పన్ను పెంచింది, చీమ కుట్టినట్టయినా లేదు. పిండిమర పన్ను వేసింది. క్లాసు గుమ్మాన్ని వంతెన చేసి దాటేందుకు సుంకం పెట్టింది. నల్లబల్ల తుడవడం వెట్టిచాకిరీ అంది. పిల్లలు వంతులు వేసుకుని తుడిచారు. పైగా ఇళ్ళ నుంచి పెద్ద పెద్ద రొట్టెలు తేవడం మొదలెట్టారు. రాజు ఒక ముక్క తుంచుకుని, తక్కింది పంచి, "ఇక తినండి" అనగానే అందరూ హాయిగా తినేవాళ్ళు.

"మీకు కోపం రావడం లేదా?" అని అడిగింది ఎర్సీలియా, ఉండబట్టలేక.

"చాలా వస్తోంది టీచర్" అన్నారు రైతులు, నోటినిండా రొట్టెతో.

"మరి ఇలాంటప్పుడు ఆ కాలపు జనం ఏం చేసేవాళ్ళు?"

"పన్ను కట్టేవాళ్ళు" అన్నారు అందరూ ఒక్క గొంతుతో.

ఆవిడ స్టాఫ్ రూముకు వచ్చి తల పట్టుకుంది. ముప్పై ఏళ్ళు ఎన్నడూ తప్పని పాఠం ఇప్పుడెందుకు తప్పిందో తేలడం లేదు. పిల్లలు మారారా, తనకే వయసు మీద పడిందా అని ఒకటే మథన.

"మీ రైతులు తిరగబడకపోతే కొంపేం మునిగింది ఎర్సీలియాగారూ? నా క్లాసులో రోజూ తిరగబడుతున్నారు" అన్నాడు లెక్కల మాస్టారు తుల్లియో. ఆ తరగతి హాజరు చూసేది ఆయనే. "అన్నట్టు మీ ఫ్లావియా ఈ మధ్య మానడం లేదు. ఇలాగే వస్తే గట్టెక్కినట్టే. ఇంకో రెండు మూడు రోజులు ఎగ్గొట్టిందంటే మాత్రం నా చేతుల్లో ఏమీ ఉండదు."

"మంచిమాట" అంది ఎర్సీలియా. ఆవిడ బుర్రంతా రాని తిరుగుబాటు మీదే ఉంది. రెండు సంగతులూ ఎదురుగా పక్కపక్కనే ఉన్నా కలిపి చూసుకోలేదు. అంత చదువుకున్న మనిషి అక్కడే పప్పులో కాలేసింది.

ఈలోగా మే నెల వచ్చింది. ఎర్సీలియా క్లాసులో మే నెలంటే ప్లేగు మహమ్మారి పాఠం. తిరుగుబాటు వచ్చినా రాకపోయినా చరిత్ర ఆగదు కదా అనుకుని, ఆవిడ మళ్ళీ సంచి తీసింది. ఈసారి మచ్చలు పెట్టిన గింజలు కలిపింది. మచ్చ గింజ వచ్చినవాళ్ళు పోయినట్టు. వాళ్ళు చేతికి నల్ల రిబ్బను కట్టుకుని, వెనక బెంచీల్లో నోరు మెదపకుండా కూచోవాలి. పన్నులూ వాటాలూ వాళ్ళకు ఉండవు.

రైతులు పోయారు, ఇద్దరు సామంతులు పోయారు. పిల్లలు నవ్వుతూ, నాలుకలు బయటపెట్టి చచ్చిపోయారు. తర్వాత ఫ్లావియా చెయ్యి పెట్టింది. వచ్చిన గింజను అరచేతిలో తిప్పి తిప్పి చూసింది.

ఎవరూ నవ్వలేదు.

"మళ్ళీ తీయనివ్వండి టీచర్" అంది బెనెదెత్తా.

"మహమ్మారి ఎవరికైనా రెండోసారి అవకాశం ఇచ్చిందా? ఆట ఆటే" అంది ఎర్సీలియా.

ఫ్లావియా తన నెత్తి మీది బంగారు కాగితం కిరీటాన్ని తీసి, నలగకుండా మడిచి, టీచరు బల్ల మీద పెట్టి, వెనక బెంచీకి వెళ్ళిపోయింది.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఆ రెండో రోజున ఎర్సీలియా క్లాసులో అడుగు పెట్టేసరికి పిల్లలందరూ కుర్చీలు వెనక్కి తిప్పుకుని, నల్లబల్లకు వీపులు పెట్టి కూచున్నారు. చచ్చిపోయినవాళ్ళు కూడా లేచి వచ్చి వరసలో కలిశారు. ఎర్సీలియాకు క్షణం పాటు ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళకు వచ్చిందమ్మా తిరుగుబాటు అనుకుంది. కానీ ఎవరి మీదో తెలియడం లేదు. రాజే లేడాయె.

"ఎవరి మీదర్రా ఇది?" అంది అయోమయంగా.

"మీ మీదే" అంది బెనెదెత్తా, వెనక్కి తిరక్కుండా. "గింజలు పంచింది మీరు కదా."

"నేనా? నేనేం చేశాను?"

"రాజు లేకపోతే పన్ను ఉండదు. పన్ను లేకపోతే ఫ్లావియా రాదు. మాకందరికీ తెలుసు టీచర్. మీకు తెలీదా?"

మూసిన డబ్బాలు, పెద్ద పెద్ద రొట్టెలు, తల దువ్వుకోకుండా గుమ్మంలో నిలబడ్డ పిల్ల, తుల్లియో మాట, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి ఎర్సీలియా మీద పడ్డాయి. ఇంతమంది పిల్లలు నెల రోజులు తమ తిండి తుంచి ఒక పిల్లను బడికి రప్పించుకుంటే, పాఠం చెడిపోతోందని తాను ఏడ్చింది. ఆవిడకు సిగ్గేసింది.

మధ్యాహ్నం బడి కాగానే ఫ్లావియా ఇంటికి వెళ్ళి తలుపు తట్టింది. ఫ్లావియా తలుపు తీసి, అమ్మ నిద్రపోతోందన్నట్టు పెదవుల మీద వేలు పెట్టింది. ఇద్దరూ మెట్ల మీద కూచున్నారు.

"ఎందుకు రాలేదే?"

"చచ్చిపోయాను కదా టీచర్."

"చచ్చిపోయినవాళ్ళు వెనక బెంచీలో కూచోవాలి. ఇంట్లో కాదు."

"అక్కడ నేనున్నా లేకపోయినా ఒకటే కదా."

"రాజుగా ఉన్నప్పుడు మాత్రం ఏముందే? ఒక రొట్టెముక్కేగా."

ఫ్లావియా చెప్పాలా వద్దా అన్నట్టు మెట్టు అంచును గోకుతూ కూచుంది. "ఒకరోజు నేను రాకపోతే ఎవరూ తినలేదట" అంది చివరికి. "బెనెదెత్తా చెప్పింది. నిజంగానే తినలేదా టీచర్?"

"నిజంగానే తినలేదు. నేను చెప్పినా తినలేదు."

ఎర్సీలియాకు తోచేది ఎప్పుడూ చరిత్రే. "పూర్వం ఒక చక్రవర్తి పోయాడు. పోయి చాలా ఏళ్ళయ్యాక ఒకడొచ్చి, నేనే ఆ చక్రవర్తిని, చావలేదు అన్నాడు. కొన్ని ఊళ్ళవాళ్ళు నమ్మి కోట తలుపులు తెరిచారు" అంది.

"తర్వాత ఏమైంది?"

తర్వాత వాణ్ణి పట్టుకుని కాల్చేశారు. ఆ సంగతి ఎర్సీలియాకు బాగా తెలుసు. "తర్వాత సంగతి క్లాసుకొస్తే చెబుతాను" అంది. చరిత్రలో ఒక ముక్క దాచిపెట్టడం ఆవిడ జీవితంలో అదే మొదటిసారి.

మర్నాడు మొదటి గంటకు ఫ్లావియా రాలేదు. రెండో గంటకూ రాలేదు. ఎర్సీలియా పాఠం చెబుతోందే గాని ఏం చెబుతోందో తనకే తెలియడం లేదు. విరామం గంట మోగింది. డబ్బాలు తెరుచుకున్నాయి, చేతులు ముడుచుకున్నాయి. అప్పుడు తలుపు కదిలింది. ఒక కాలికే మేజోడు వేసుకుని, రొప్పుతూ నిలబడింది ఫ్లావియా.

బెనెదెత్తా లేచింది. "ఎవరు నువ్వు?"

"మీ రాజుని."

"మా రాజు మహమ్మారిలో పోయాడు. నువ్వే రాజువనడానికి రుజువేంటి?"

ఫ్లావియా కాస్త ఆలోచించింది. "నువ్వు రోజూ రొట్టె మీది ఉల్లిపాయలన్నీ నువ్వే ఏరుకుని, బోసి ముక్క నా బల్ల మీద పెడతావు."

క్లాసంతా గొల్లుమంది. బెనెదెత్తా మొహం ఎర్రబడింది. "రాజే" అని ఒప్పుకుని కూచుంది.

ఫ్లావియా బల్లల మధ్య తిరుగుతూ పన్ను వసూలు చేసుకుంది. టీచరు బల్ల దాటబోతుంటే ఎర్సీలియా తన సంచిలోంచి పళ్ళ జాము పూసిన కేకు తీసి, ఒక మూల తుంచి, అరచేతిలో పెట్టి చాచింది.

"మీరు మా రాజ్యంలో లేరు కదా టీచర్" అంది ఫ్లావియా.

"నిన్నటిదాకా లేను" అంది ఎర్సీలియా.

ఫ్లావియా ఆ ముక్క తీసుకుని, తన బల్ల దాకా నడిచి, అందరి వంకా ఒకసారి చూసి "ఇక తినండి" అంది. అప్పుడుగాని ఎర్సీలియా కేకు నోట్లో పెట్టుకోలేదు.