అమ్మ పట్టిన ప్లగ్గు

నాయన మందను తోలుకుని సంగం వైపు వెళ్ళిన ఎండాకాలంలో ఆయన బండి నా చేతికి వచ్చింది. కోతలు అయిపోయాక ఆ వైపు వరి మళ్ళలో గొర్రెలను నిలిపితే రైతుకు ఎరువు, జీవాలకు మేత. కొన్ని నెలల పాటు ఆయన అక్కడే ఉంటారు. నేనూ అమ్మా ఉదయగిరిలో ఉంటాం. సీతారామపురం పల్లెల్లో గొర్రెలకూ మేకలకూ టీకాలు వేయడం నా ఉద్యోగం. ఆ దారిలో బస్సులు తక్కువ. నా స్కూటీ చిన్న చక్రాలు ఆ గులకరాళ్ళకు తట్టుకోలేవు. అందుకే నాయన పాత టూ స్ట్రోక్ బండికి టీకాల ఐసు పెట్టె కట్టుకుని తిరగడం మొదలుపెట్టాను.

పొద్దున ఒక్క కిక్కుకే లేచేది. కొంత దూరం పోయి ఇంజను వేడెక్కాక, పొలమారినట్టు రెండు మూడు సార్లు దగ్గి ఆగిపోయేది. చెట్టు నీడన నిలబెట్టి చల్లారనిస్తే మళ్ళీ స్టార్టయ్యేది. ఒక రోజు అలా ఆగీ ఆగీ పోయేసరికి ఐసు కరిగి మందు పనికిరాకుండా పోయింది. నా కోసం పొద్దుటి నుంచీ జీవాలను దొడ్లోనే ఆపుకున్న పెద్దాయన తడిక తీసి వాటిని మేతకు వదిలాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఊళ్ళో మెకానిక్ కార్బురేటర్ కడిగాడు, కొత్త ప్లగ్గు వేశాడు. మార్పు లేదు. నాయనకు ఫోన్ చేసి చెప్పాను.

"నన్నెందుకు అడగతావు? మీ అమ్మనడుగు. ఆ బండికి కరెంటు చూసేది ఎప్పుడూ ఆమేగా" అన్నారు.

ప్లగ్గులో వచ్చే నిప్పురవ్వను మా వైపు కరెంటనే అంటారు. అమ్మకు దాని గురించి తెలుసని నాకు అంతవరకూ తెలియదు. వాకిట్లో చింతపండు గింజలు తీస్తున్న అమ్మకు నాయన మాట చెబితే, ఆశ్చర్యపడకుండా చేతులు కడుక్కుని వచ్చింది. దండెం మీద ఉన్న గొంగళి తెమ్మంది.

ప్లగ్గు విప్పించి, మళ్ళీ వైరు చివరి టోపీకి తగిలించి, ఇంజను ఇనుముకు ఆనించి పొడిగుడ్డతో పట్టుకుంది. గొంగళిని తల మీదుగా ఇంజను మీదికి కప్పుకుని నన్ను కిక్కు కొట్టమంది. ఎండలో రవ్వ రంగు తెలియదు, అందుకే ఆ చీకటి. కొట్టాను. లోపలి నుంచి చిటుక్కుమని గట్టిగా వినిపించింది. "నీలంగానే ఉండాది. చల్లగా ఉన్నప్పుడు బాగనే ఉంటాది. వేడి చేసుకోనిరా" అంది.

కొండ కింది రోడ్డు మీద తిరిగి వస్తుంటే ఇంటికి కాస్త దూరంలో ఆగింది. తోసుకొచ్చాను. ఈసారి అమ్మ చీర కుచ్చెళ్ళు దోపుకుని తానే కిక్కు కొట్టింది, నన్ను గొంగళి కిందికి పొమ్మంది. పసుపు పచ్చగా, సాలెపోగంత సన్నగా ఒక రవ్వ వచ్చింది. తర్వాతి కిక్కుకు అదీ లేదు. గొంగళిలోంచి తల బయటపెట్టేసరికి అమ్మ నా ముఖం చూసే సంగతి గ్రహించింది.

వెనకటికి ఒకసారి ప్లగ్గు వైరు కొస చిలుమెక్కి ఇలాగే చేసిందట. ఆ కొస కత్తిరించి, లోపలి రాగి తీగ మెరిసేదాకా గీకి బిగించింది. తెల్లారి బండి మళ్ళీ దారిలో ఆగిపోయింది. నేను విసుక్కుంటూ ఇల్లు చేరితే అమ్మలో నిరాశ లేదు. "అది కాదని తెలిసింది గదా" అంది.

పక్క మూత విప్పించింది. మాగ్నెట్ అనే తిరిగే చక్రానికి ఉన్న కంతలోంచి, కలిసి విడిపోయే పాయింట్లు కనబడతాయి. వాటి దగ్గర కూడా గొంగళి కప్పి చూసింది. వేడి మీద కిక్కు కొట్టినప్పుడల్లా అక్కడ రవ్వలు పెద్దగా చిమ్ముతున్నాయి.

"ఈడ మెరవగూడదు, ఆడ మెరవాల. ఈడ మంట ఎక్కువైతే ప్లగ్గుకు పోయేది తగ్గిపోతాది. ఈడ మంటను ఆపే కండెన్సర్ పోయినట్టుండాది" అంది.

అంత పాత బండి కండెన్సర్ ఉదయగిరిలో దొరకలేదు. ఆత్మకూరు పోదామంది. మరుసటి రోజు ఎండ ముదరకముందే బయలుదేరాం. వెనక కూర్చున్న అమ్మ ఇంజను చప్పుడు వింటూ, అది దగ్గబోయే ముందే భుజం తట్టి ఆపమనేది. దిగి, చల్లారేదాకా నిలబడి, మళ్ళీ ఎక్కేవాళ్ళం. నడి దారిలో ఒక్కసారి కూడా దానంతటది ఆగలేదు.

ఆత్మకూరులో పాత బండ్లు చేసే మెకానిక్ నడివయసు మనిషి. విషయం విని, కాయిల్ మార్చి చూద్దామన్నాడు. ముందు పాయింట్ల దగ్గర చూడమని అమ్మ మెల్లగా అడిగింది. ఆయన కాదనకుండా చూశాడు, తల ఊపాడు. మాగ్నెట్ లాగి, పాత సామాన్ల డబ్బాలో వెతికి కండెన్సర్ వేశాడు. పాయింట్లు రుద్ది, సందు సరిచేశాడు. బండిని బాగా వేడిచేసి ప్లగ్గు విప్పి చూపించాడు. షెడ్డు నీడలో గొంగళి లేకుండానే నీలం రవ్వ కనబడింది.

ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని ఆయన ఇష్టంగా అడిగాడు.

"నేర్చుకునేదేముంది నాయనా. సంతలకు పోయేటప్పుడు నడిపేది ఆయన, ఆగితే దిగేది నేను. కిక్కు కొట్టేవాడికి రవ్వ కనబడదు గదా. పట్టుకున్నదాన్ని, చూసినాను" అంది.

నా చిన్నప్పటి నుంచీ వాళ్ళిద్దరూ ఆ బండి మీద వెళ్ళడం, పొద్దుపోయి రావడం చూశాను. బండి నాయనదనే అనుకున్నాను. ఇంట్లో అందరమూ అలాగే అనేవాళ్ళం, అమ్మ కూడా.

ఉదయగిరి వైపు తిప్పబోతుంటే, ఇంత దూరం వచ్చాం కదా, మీ నాయన్ను చూసి పోదామంది అమ్మ. సంగం దాకా బండి ఎక్కడా దగ్గలేదు. అమ్మ భుజం తట్టలేదు. కోసిన మళ్ళలో మంద కనబడింది. చప్పుడు విని నాయన గట్టెక్కి నిలబడ్డారు. బాగైందో లేదో అనేమో, ముందు బండివైపే చూశారు.

"ఏంది మే పోయింది?" అని అమ్మను అడిగారు.

అమ్మ గట్టు మీద కూర్చుని మొదటి నుంచీ చెప్పింది. వైరు కొస కత్తిరించి పొరపడినదీ దాచలేదు. పాయింట్ల దగ్గరికి వచ్చేసరికి నాయన కూడా ఆమె పక్కనే కూర్చున్నారు. మందలోంచి ఒక గొర్రెపోతు పక్క మడిలోకి పోతుంటే చూసి కూడా లేవలేదు. నేనే కర్ర తీసుకుని దాని వెనక పరిగెత్తాను.